గాడిదోళ్ళ ఇల్లు

పెనుకొండ పక్కన మా ఊరి కొండమీద నరసింహస్వామి గోపురం నిలబడి ఉందంటే, దానికి సున్నం, ఇసుక, నీళ్ళు మోసింది మా ఇంట్లో పుట్టిన కంచరగాడిద. దాన్ని పుట్టించింది మా చిన్నాయన ఉలిగప్ప. నాలుగో తరగతి దాటని మనిషి. కరువులో బావి తవ్వి నీళ్ళు చూసిందీ, పరిగి నుంచి కొత్త రకం చెనిక్కాయ విత్తనం తెచ్చిందీ ఆయనే. అవన్నీ పక్కన పెట్టి ఈ ఒక్కటే చెబుతా.

1956లో పిడుగు పడి గోపురం కూలింది. మళ్ళా కట్టల్లంటే సరుకంతా కొండ మెట్లమీద మోయల్ల, ఆ మెట్లు ఎద్దులు ఎక్కవు. బట్టలుతికే హనుమంతు గాడిదలు ఎక్కుతాయి గానీ అవి మోసేది కొంచెమే. గుర్రం బరువు మోస్తుంది, మెట్లమీద కాళ్ళు జారుతాయి. చిన్నాయన బెంగుళూరు దండులో కంచరగాడిదల్ని చూసొచ్చిన మనిషి. రచ్చకట్ట మీద లేచి నిలబడి, "మా గుర్రానికి గాడిదను కట్టి అట్లాంటిదాన్ని ఈడనే పుట్టిస్తా. గోపురం బరువంతా నేనెక్కిస్తా" అని మాటిచ్చినాడు.

మాటయితే ఇచ్చినాడు. మా గుర్రం గౌరి మాత్రం, తెచ్చిన మగగాడిద దగ్గరికొస్తే చాలు, వెనక్కాళ్ళతో తన్నేది. గాడిదకూ గుర్రం మీద మనసు లేదు. ఏట్లో ఆడగాడిద కూస్తే తాడు తెంపుకొని పోయేది.

"ఏమప్పా ఉలిగప్పా, పెండ్లికూతురు ఒప్పుకున్యాదా?" అని పక్కింటి రామాంజినేయులు రోజూ అడిగేవాడు.

"పిల్లోడు నచ్చలేదంట. నీకు తెలిసిన సంబంధముంటే చెప్పబ్బా" అనేవాడు చిన్నాయన.

రైతుల గడపలో గాడిదను కట్టేయడం మావాళ్ళలో ఎవరూ చూడలేదు. ఊరంతా మాది గాడిదోళ్ళ ఇల్లు అన్నారు. మా అవ్వ ఆ పేరు విని ఒక పూట అన్నం ముట్టలేదు. చిన్నాయన ఆ గాడిదను తిరిగిచ్చేసినాడు గానీ మాటను వెనక్కి తీసుకోలేదు.

మరుసటేడు గౌరి ఒక మగగుర్రానికి చూలై ఈనింది. పిల్ల దక్కలేదు. అదే వారం హనుమంతు గాడిద ఒక మగపిల్లను వదిలి చచ్చిపోయింది. మా చిన్నమ్మ నారాయణమ్మ అన్నది, "దూడ చచ్చిన బర్రెకు దూడతోలు చూపించి పాలు పిండుకుంటాం గదా. గుర్రానికి మాత్రం ఎందుకు పనికిరాదు?" గుర్రంపిల్ల తోలు గాడిదపిల్ల వీపున కట్టింది. గౌరి వాసన చూసి తన పిల్లే అనుకొని పాలు చేపింది.

ఆ పిల్ల గుర్రం పాలు తాగి, గుర్రం పక్కనే పెరిగింది. ఏట్లో గాడిదలు కూస్తే చెవి కూడా ఎత్తేది కాదు. దావలో జట్కా పోతే గుర్రం వెనకాల పరిగెత్తేది. చిన్నాయన అది కనిపెట్టి, "ఇది గాడిదనని మర్చిపోయిండాది. ఇంక మన పని అవుతుంది" అన్నాడు.

గౌరి దానికి తల్లయింది గదా, అందుకని ఆ గాడిద ఎదిగినాక హిందూపురం నుంచి ఇంకో ఆడగుర్రాన్ని తెచ్చి దాని పక్కన కట్టినాడు. కొత్త గుర్రం మొదట్లో తన్నింది. గాడిద మాత్రం పారిపోలేదు. గౌరి దగ్గర మెలిగినట్టే మెత్తగా మెలిగింది. మెల్లగా ఆ తన్నులు ఆగిపోయినాయి. ఏడాది తిరిగేసరికి ఆడ కంచరగాడిద పుట్టింది, దానికి చుక్క అని పేరు పెట్టినాం. చెవులు నాయనవి, ఒళ్ళు తల్లిది.

చుక్క పెద్దదై నీళ్ళ పీపాలతో మెట్లెక్కుతుంటే ధర్మవరం, కదిరి నుంచి వచ్చి చూసినారు. రామాంజినేయులు మాత్రం ఊరుకోలేదు. "గుర్రం దగ్గరికి తోలుకపోతివి, గాడిద దగ్గరికి తోలుకపోతివి. ఎన్నేండ్లయినా ఈనలేదేమప్పా?"

"అది ఈనదబ్బా. రెండు జాతుల బిడ్డ, దాని వంశం దానితోనే సరి. ఇంకోటి కావాలంటే మళ్ళా గుర్రం కావల్ల, మళ్ళా ఆ గాడిద కావల్ల, మళ్ళా నేను కావల్ల."

అన్నట్టే ఇంకో రెంటిని పుట్టించినాడు.

కలశం ఎత్తే రోజు చుక్క మీదనే కలశం కొండెక్కింది. బయలుదేరేముందు పూజారి దానికి కుంకుమ పెడుతుంటే మా అవ్వ పళ్ళెం అందుకొని, "దాని నాయనకు పెట్టరా?" అని మా గడపలో ఉన్న గాడిద నొసట తానే బొట్టు పెట్టింది.

మా ఊరికి బస్సు దిగి గాడిదోళ్ళ ఇల్లు యాడ అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. పెండ్లిపత్రికల మీద కూడా ఆ పేరే వేయిస్తాం.