జీపులో సోడా గ్యాసు బండ

నాకు గ్యాసంటే భయం. మా వైపు పొలాల కింద నుంచి గ్యాసు పైపులు పోతాయి. ఇక్కడ తవ్వరాదు అని రాసిన రాళ్లు చూసుకుంటూ బడికి వెళ్లినదాన్ని. ఇప్పటికీ ఇంట్లోంచి బయలుదేరి గేటు దాకా వెళ్లాక, వంటింట్లో రెగ్యులేటరు కట్టేశానా లేదా అని వెనక్కి వస్తాను. మా ఆయన నవ్వుతారు. మా తమ్ముడైతే ఎగతాళే చేస్తాడు.

ఆ ఆదివారం పొద్దున్న తమ్ముడి జీపు వెనక తలుపు తీసేసరికి లోపల మోకాలెత్తు నల్ల గ్యాసు బండ ఒకటి పడుకుని ఉంది. పక్కనే చుట్ట చుట్టిన పైపు.

"ఇదేంట్రా? నేనెక్కను" అన్నాను.

తమ్ముడు గల్ఫులో టైర్ల షాపులో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి, ఎవరో వాడి వదిలేసిన జీపు కొన్నాడు. ఇసుకలోనూ బురదలోనూ నాలుగు చక్రాలూ లాగే బండి. అక్కడి ఎడారిలో వాళ్లు ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి సగం తీసేస్తారట. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడకుండా పోతుందట. మళ్లీ తారు రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకోవాలి. దిబ్బల మధ్య పంక్చరు షాపు ఉండదు కనుక వెంట బండ మోసుకెళ్తారు.

"సోడాలో కలిపే గ్యాసే అక్కా ఇది. మంటంటుకోదు సరికదా, మంటని ఆర్పేస్తది. నీకు ప్రతిదానికీ భయమే" అన్నాడు.

మా అత్తగారు అప్పటికే వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఇసుకలో నడవలేరు. సముద్రం చూసి చాలా ఏళ్లయింది. నీళ్ల అంచు దాకా బండిలోనే తీసుకెళ్తానని తమ్ముడు మాటిచ్చినప్పటి నుంచి ఆవిడకి కాలు నిలవలేదు. మా ఆయనకి తోటలో కొబ్బరి దింపు ఉండి రాలేదు. ఆవిడ మొహంలో సంతోషం చూసి నేనూ ఎక్కాను.

ఓడలరేవు దగ్గర సరుగుడు తోటలు దాటాక తమ్ముడు దిగి నాలుగు టైర్లకీ గాలి తీశాడు. నిజంగానే జీపు ఇసుక మీద పడవలా పోయింది. అత్తగారు కెరటాల పక్కన తలుపు తీయించుకుని, సీటు మీద కూర్చునే పాదాలు తడుపుకున్నారు. "ఇంక చాలు బాబూ, ఈ జన్మకి" అన్నారు. నేను మాత్రం కెరటం వెనక్కి లాగినప్పుడల్లా చక్రాల కింద ఇసుక జారుతోందేమోనని చూస్తూనే ఉన్నాను.

తిరిగి రోడ్డు మొదట్లో ఆగి, తమ్ముడు బండ దింపి నిలబెట్టాడు. పైపు టైరుకి తగిలించి మర తిప్పగానే బుస్సుమంది. నేను అత్తగారిని మెల్లగా దింపి, చెయ్యి పట్టుకుని దూరంగా జరిగాను. చేపలు ఎండబెడుతున్న ఒకావిడ కూడా లేచి నిలబడింది.

"ఏవండీ బాబూ, అది పేలుద్దాండీ?"

"పేలదండీ, ఆయ్. సోడా గ్యాసండి" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

చూస్తుండగానే టైరు పొంగింది. ఒకదాని తర్వాత ఒకటి నింపేసరికి బండ మెడకి తెల్లగా మంచు పట్టేసింది. ఆ ఎండలో మంచు! తమ్ముడు మర కట్టేసి, చురుక్కుమన్న వేళ్లు దులుపుకుంటూ బండని మళ్లీ వెనక సీటు అవతల పడుకోబెట్టాడు. నాలుగు టైర్లూ నిండాయి, ఏదీ పేలలేదు. పొద్దుటి నుంచి పట్టుకున్న ఊపిరి అప్పుడు వదిలాను. గండం గడిచిందనే అనుకున్నాను.

ఎండ తీవ్రంగా ఉంది. అద్దాలు మూసి ఏసీ పెద్దగా పెట్టాడు. అత్తగారు వెనక సీటు మీద నడుం వాల్చారు. నేను ముందు కూర్చున్నాను.

కాలవ గట్టు రోడ్డు మీదకి వచ్చాక నాకు కణతలు కొట్టుకోవడం మొదలైంది. ఎండ తగిలిందనుకున్నాను. తర్వాత ఊపిరి చాలడం లేదనిపించింది. ఎంత పీల్చినా ఇంకా కావాలి. పరిగెత్తి వచ్చినదానిలా రొప్పుతున్నాను. ఒంటినిండా చెమట. గుండె దడదడ కొట్టుకుంటోంది. ముక్కులో సోడా తాగినప్పటి ఘాటు. ఎందుకో తెలియని భయం, ఏదో ముంచుకొస్తోందన్న భయం పట్టుకుంది. కానీ నా భయాల సంగతి నాకు తెలుసు కదా. ఏదన్నా అంటే మళ్లీ నవ్వుతాడని నోరు మూసుకున్నాను.

తమ్ముడు మాట్లాడటం మానేశాడు. చూస్తే వాడి నోరు తెరుచుకుని ఉంది. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి గానీ చూపు లేదు. జీపు మెల్లగా ఎడమకి, కాలవ వైపు జరుగుతోంది.

"ఒరేయ్! కాలవరా! కాలవ!" అని అరిచి స్టీరింగు పట్టి లాగాను.

వాడు ఉలిక్కిపడి బ్రేకు మీద కాలేశాడు. ముందు చక్రం గట్టు అంచున గడ్డిలో ఆగింది.

"ఏంటక్కా..." అన్నాడు తాగినవాడిలా ముద్దగా.

తలుపు పిడి కోసం వెతికాను. పొద్దుటి నుంచి తీస్తున్న తలుపే, చేతికి దొరకదు. చివరికి తెరుచుకుని గట్టు మీద గడ్డిలో పడ్డాను. బయటి గాలి ఒక్క గుక్క పీల్చాక బుర్ర తేరుకుంది. వెనక్కి చూసి, "అత్తయ్యగారూ!" అన్నాను.

పలకలేదు.

తమ్ముడు ఇంజను ఆపేసరికి వినపడింది. సన్నగా, పాము బుసలాగా, సీటు వెనక నుంచి. అప్పటిదాకా ఏసీ హోరులో కలిసిపోయిన చప్పుడు. మంచు గడ్డకట్టి మర బిగుసుకుంటే అది పూర్తిగా మూసుకుందని తమ్ముడు అనుకున్నాడు. మంచు కరిగాక అది కారుతూనే వచ్చింది. మూసిన జీపులో మేము ముగ్గురం ఆ గ్యాసునే పీల్చుకుంటూ వచ్చాం.

ఇద్దరం అత్తగారి భుజాలు పట్టి లాగాం. చెయ్యి పట్టుకుంటే చల్లగా, వదిలితే కింద పడిపోతోంది. పెదవులు నీలం తిరిగాయి. ఆవిడని గట్టు మీద పడుకోబెట్టి ఛాతీ మీద చెవి పెట్టాను. నా గుండె చప్పుడే నాకు వినపడుతోంది, ఆవిడది వినపడటం లేదు. మా ఆయనకి ఏం చెప్పాలి? పొద్దున్న నవ్వుతూ పంపించిన అమ్మని ఇలా తీసుకెళ్లి ఎలా దించాలి?

తమ్ముడు బండ కట్టేస్తానని మళ్లీ జీపులోకి వంగాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. "పోనీరా! అంతా పోనీ! నువ్వెళ్లకు!"

అటుగా వస్తున్న ఆటో ఆగింది. అందులోంచి చేపల తట్టలతో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు దిగి పరిగెత్తుకొచ్చారు. ఒకావిడ అత్తగారి పాదాలు రుద్దుతుంటే, ఇంకొకావిడ కొంగుతో విసురుతూ, "ఊపిరాడుతోందమ్మా, ఆడుతోంది, భయపడకండి" అంది. నాకు కనపడలేదు. ఆవిడ నా చెయ్యి తీసుకెళ్లి అత్తగారి ముక్కు దగ్గర పెట్టింది. సన్నగా వెచ్చదనం తగిలింది.

తట్టలు గట్టు మీదే దింపేసి మమ్మల్ని ఆటో ఎక్కించారు. అమలాపురం చేరేదాకా నా వేళ్లు ఆ ముక్కు దగ్గర నుంచి తీయలేదు. గతుకుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా వెచ్చదనం తప్పిపోయేది. మళ్లీ దొరికేదాకా నా ఊపిరి ఆగిపోయేది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తమ్ముణ్ని కూడా పక్క మంచం మీద పడుకోబెట్టారు. అంతా విన్న డాక్టరమ్మ, "మంటంటుకోకపోతే మాత్రం? మూసిన గదిలో అది గాలిని మింగేస్తుందండి. మీకొచ్చిన ఆ దడా, ఆయాసం దానివల్లే. మీరు భయపడి అరవబట్టే ముగ్గురూ ఇక్కడున్నారు" అంది. అప్పుడు గోడ పట్టుకుని కింద కూర్చున్నాను.

మధ్యాహ్నానికి అత్తగారు కళ్లు తెరిచారు. తమ్ముడు ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. "ఎందుకు బాబూ, ఏమైందని?" అని ఆవిడే వాడి తల నిమిరారు. కబురు విని వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి, మా అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు తమ్ముడు ఆ బండని జీపులోంచి దింపి ఖాళీ పొలంలో నిలబెట్టి, మిగిలిన గ్యాసు పోయేలా మర విప్పేసి, గాలి వాలు చూసుకుని దూరంగా జరిగి నిలబడ్డాడు. అది బుసకొట్టడం ఆగేదాకా మేమెవరం దగ్గరికి పోలేదు. తర్వాత బ్యాటరీకి తగిలించి గాలి కొట్టుకునే చిన్న పంపు కొన్నాడు. ఒక్కో టైరుకీ బోలెడంతసేపు పడుతుంది. వాడిప్పుడు విసుక్కోడు.

నేను మాత్రం ఏ బండెక్కినా అద్దం కాస్త దించుకునే కూర్చుంటాను. వాన జల్లు లోపలికి కొట్టినా సరే. ఇప్పుడెవరూ నవ్వరు.

పరామర్శకి వచ్చినవాళ్లు అడిగితే అత్తగారు ఒకటే చెప్పేవారు.

"నాకేం తెలీలేదండీ. సముద్రం చూసేను, పడుకున్నాను. అంత హాయిగా ఎప్పుడూ నిద్ర పట్టలేదండి."

వాళ్లు నవ్వేవారు. ఆ 'హాయిగా' అన్న మాట వినలేక నేను లేచి బయటికి వచ్చేసేదాన్ని.