ఇంట్లోకెల్లా చెత్త గది

సగ్డెన్ల కుటుంబంలో వేసవి సెలవు అంటే ఆడ్రీ చెప్పిందే వేదం. ఏ పల్లెలో, ఏ వారంలో, ఏ కాటేజీలో అన్నది ఆమె తేల్చేస్తుంది. కొడుకు గారెత్, కోడలు ఫియోనా, కూతురు లిండ్సీ, పిల్లలు, అందరూ కార్లు వేసుకొని వచ్చి ఆమె వండింది తింటారు. ఇంగ్లండులోని కీత్లీలో ఒక బడి వంటశాలను రిటైరయ్యేదాకా తన కనుసన్నల్లో నడిపిన మనిషి. ఆ ఊళ్లో ఒక తరం పిల్లలకు మధ్యాహ్నం వడ్డించిన చెయ్యి అది. సొంతవాళ్లు పదిమందికి వారం పాటు వండిపెట్టడం ఆమెకు ఒక లెక్కలోది కాదు.

హోటళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. "డబ్బిచ్చి మరీ ఎవడో పెట్టిన గుడ్డు తిని, పక్కలు సర్దేవాళ్లు వస్తున్నారని గదిలోంచి పరుగెత్తాలా? అదేం సెలవు?" అంటుంది. పాత రాతి ఇల్లు ఒకటి వారానికి తీసుకోవాలి, పొయ్యి తాను వెలిగించుకోవాలి, వాన పడితే కిటికీ దగ్గర కూర్చొని వానను తిట్టుకోవాలి. అదీ ఆమె లెక్కన సెలవంటే. బయల్దేరేటప్పుడు ఆ సామాను చూసి కొత్తవాళ్లు కాపురం ఎత్తేస్తున్నారనుకుంటారు. కాటేజీల్లో కత్తులు వెన్నను కూడా కోయవని తన కత్తి తానే తీసుకెళ్తుంది. అక్కడి టీ కూజాలు కారతాయని కూజా కూడా తనదే. మొదటి రాత్రి తిండికి మాత్రం ఇంటి దగ్గరే ఖీమా మీద ఆలుగడ్డ ముద్ద పరిచి, పొయ్యిలో కాల్చి, ఆ పెద్ద పళ్లేన్ని గుడ్డలో కట్టి ఒళ్లో పెట్టుకొని కారులో కూర్చుంటుంది. దారిలో ఎన్ని మలుపులున్నా చుక్క ఒలకదు.

ఇల్లు చూసేది ఆడ్రీ అయితే గదులు పంచేది ఆమె భర్త విల్ఫ్. పంపకం అంటే పెద్ద యవ్వారమేం కాదు. తలుపు తియ్యగానే పిల్లలు మేడ మీదికి ఉరికి మంచాలు పట్టేసుకుంటారు. పెద్దాయన తీరిగ్గా అన్ని గదులూ తిరిగి, వాటిలో అధ్వాన్నమైనది ఏదో తేల్చి, "ఇది నాది" అంటాడు. గారెత్, లిండ్సీ పసివాళ్లుగా ఉన్ననాటి నుంచీ ఇదే రివాజు. ఒక ఏడాది అటక మీద గబ్బిలాలతో పడుకున్నాడు. ఇంకో ఏడాది పిల్లల మంచం మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని పడుకున్నాడు. బస్సు నడిపి రిటైరైన ఆ మనిషికి పబ్బులో చెప్పుకోవడానికి ఈ కథలే ఆస్తి. ఆ గబ్బిలాల గదిలో పక్కనే ఆడ్రీ కూడా పడుకుంది కదా, మరి ఆమె పేరు ఆ కథల్లో మచ్చుకైనా వినపడదు. మగవాళ్ల సాహసాలు అలాగే ఉంటాయి.

నిరుడు అదంతా తిరగబడింది. ఏళ్ల తరబడి క్లచ్చి తొక్కిన మోకాలు, దానికి తోడు తుంటి, రెండూ ఒకేసారి మొరాయించాయి. విల్ఫ్ ఆ మాట ఒప్పుకుంటే కదా! చేతికర్ర పట్టుకోమంటే ఒంటికాలి మీద లేచాడు. కానీ ఎర్రటి ఎండలో కూడా గొడుగు పట్టుకొని, దాని మీద ఆనుకొని నడవడం మొదలుపెట్టాడు. ఇంట్లో మెట్లకు రెండో వైపు కూడా కమ్మీ వేయించాల్సి వస్తే, ఆడ్రీ తనకు కళ్లు తిరుగుతున్నాయని అబద్ధమాడి వేయించింది. స్నానాల తొట్టి పక్కన పీట కూడా తన పేరు మీదే కొన్నది. ఆ ఇంట్లో ఆయన కోసం జరిగేవన్నీ ఆమె రోగాల ఖాతాలో పడతాయి. దుక్కలాంటి ఆడ్రీకి పాపం లేని జబ్బు లేదు.

నిరుటి కాటేజీలో గదులన్నీ మేడ మీదే. మొదటి సాయంత్రం విల్ఫ్ కొన్ని మెట్లెక్కి, ఆగి, మెల్లిగా వెనక్కి దిగాడు. ఆడ్రీ తప్ప ఎవరూ చూడలేదు. ఆ వారమంతా ఆయన టీవీ ముందు కుర్చీలో 'నిద్రపోయాడు'. పిల్లలు నవ్వుకున్నారు. ఆడ్రీ ఆయనకు దుప్పటి కప్పి ఒంటరిగా మేడెక్కింది.

ఈ ఏడాది జనవరిలో, ఆదివారం భోజనాల దగ్గర సెలవు మాట రాగానే ఆయన గ్రేవీ గిన్నె వైపు చూస్తూ అన్నాడు: "ఈసారి మీరు వెళ్లి రండి. టమాటాలకు నీళ్లు పొయ్యాలి."

"ఏటా పక్కింటి డెరెక్ పోస్తున్నాడుగా నాన్నా?" అంది లిండ్సీ.

"వాడా? ముంచేస్తాడు వాటిని. చేపలనుకుంటాడో ఏమో."

అందరూ నవ్వారు. ఆడ్రీ నవ్వలేదు. ఆమెకు భయం వేసింది. ఒక వేసవి ఇంటి దగ్గర ఉండిపోయిన మగవాడు మరుసటి వేసవీ ఉండిపోతాడు. ఆ తర్వాత పబ్బు దూరమవుతుంది, ఆపైన వీధి చివరి దుకాణం. తన స్నేహితురాళ్ల భర్తలు ఇద్దరు ముగ్గురు అలాగే ఒక కుర్చీకీ ఒక కిటికీకీ అంటుకుపోవడం ఆమె కళ్లారా చూసింది. విల్ఫ్‌ని అలా కానివ్వదు. ఆయన రావాల్సిందే. ఆయన్ని వదిలి ఆమె ఏనాడూ సెలవుకు వెళ్లలేదు, ఇప్పుడు వెళ్లే ఉద్దేశం అంతకన్నా లేదు.

ఈలోగా ఫియోనా ముందుకు దూకింది. ఆసుపత్రిలో ముసలివాళ్లకు మళ్లీ నడక నేర్పే ఉద్యోగం ఆమెది. మనసు మంచిదే, తొందరే ఎక్కువ. కుటుంబం గ్రూపులో ఫొటోలు పెట్టింది: మేడ లేని ఇల్లు, వెడల్పాటి తలుపులు, స్నానాల గది నిండా ఉక్కు కమ్మీలు, పై నుంచి వేలాడే ఎర్ర తాడు. కింద 'విల్ఫ్‌కి సుఖంగా ఉంటుంది' అని రాసింది.

విల్ఫ్ కళ్లజోడు సవరించుకొని చూశాడు. "ఈ తాడెందుకు?"

"పడిపోతే లాగి గంట కొట్టడానికి," అంది ఆడ్రీ. ఏం చేస్తుంది, అడిగాడు కదా.

"ఆసుపత్రికి సెలవు మీద వెళ్లేవాళ్లను మొదటిసారి చూస్తున్నా," అని ఆయన గొడుగు తీసుకొని తోటలోకి వెళ్లిపోయాడు. చీకటి పడేదాకా టమాటా కుండీలు సర్దుతూనే ఉన్నాడు. జనవరిలో వాటిలో మట్టి తప్ప ఏముంది?

ఆడ్రీ కోడలికి ఫోను చేసింది. "ఇల్లు నేను చూస్తానమ్మాయ్. నువ్వు వదిలెయ్."

"ఆడ్రీ, ఆయన మెట్లెక్కలేరు. ఎవరో ఒకరు ఆ మాట పైకి అనాలి కదండీ?"

"ఎందుకనాలి?"

"అనకుండా ఎలా సర్దుతారు?"

"ఇన్నాళ్లూ ఎలా సర్దానో అలాగే," అని ఫోను పెట్టేసింది ఆడ్రీ. నిజానికి ఎలా సర్దాలో అప్పటికి ఆమెకూ తెలియదు.

వంటింటి బల్ల దగ్గర టాబ్లెట్ ముందేసుకొని రోజుల తరబడి వెతికింది. కింద పడకగది ఉన్న ఇళ్లు కావలసినన్ని ఉన్నాయి. అసలు చిక్కు ఏమిటంటే ఆ గదులన్నీ మహా బాగున్నాయి. తోటలోకి తెరుచుకునే గాజు తలుపులు, రాణిగారి మంచం, పక్కనే తెల్లని స్నానాల గది. అలాంటి దాన్లోకి వెళ్లమంటే విల్ఫ్ ఇట్టే పసిగడతాడు. మంచి గది ముసలాళ్లకని వదిలిపెట్టారని గ్రహించిన మరుక్షణం పెట్టె తిరిగి కారెక్కుతుంది. మరి ఆయన తనంతట తాను, ఛాతీ విరుచుకొని వెళ్లే గది ఏది?

అది తట్టగానే ఆడ్రీ ఒక్కతే కూర్చొని పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె మంచి ఇల్లు వెతకడం మానేసి, కింద చెత్త గది ఉన్న ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

హెర్ఫర్డ్‌షర్‌లో ఒక పాత రైతు ఇల్లు కనిపించింది. తోటకు, వంటింటికి, మేడ గదులకు బోలెడు ఫొటోలు. కింది గదికి ఒక్కటంటే ఒక్కటి, అదీ గుమ్మంలోంచి సగం మంచం కనిపించేలా. అంత పిసినారిగా ఫొటో తీశారంటే ఏదో ఉందనుకొని ఇంటి యజమానురాలు ప్రాసర్ గారికి ఫోను చేసింది.

"ఆ కింది గది ఎలా ఉంటుందండీ?"

"అదా..." అవతల గొంతు తగ్గిపోయింది. "అది పూర్వం పాలగదండీ. దాన్ని పట్టించుకోకండి, మేడ మీద గదులు చూడండి, కొండలు కనిపిస్తాయి."

"చీకటిగా ఉంటుందా?"

"ఉత్తరం వైపు కదా. కొంచెం."

"చలి?"

"వెన్న కరగకూడదని కట్టిన గది. హీటరు పెట్టాం లెండి."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

ప్రాసర్ గారు కాసేపు నీళ్లు నమిలింది. "చెత్త డబ్బాలు."

"చప్పుడూ గట్రా?"

"గోడ అవతల బాయిలర్ ఉంది. పొద్దున్నే దగ్గుతుంది. కానీ మంచం మాత్రం మంచిదండీ, పరుపు కొత్తది!"

"అది మాత్రం ఎవరికీ చెప్పకండి. పక్కన స్నానాల గది ఉందా?"

"పొలాల్లో తిరిగి బురద కాళ్లతో వచ్చేవాళ్ల కోసం ఒకటుంది. గడప, మెట్టు ఏమీ లేవు, గొట్టంతో కడిగేసుకోవచ్చు."

ఆడ్రీ కళ్లు మూసుకుంది. అంతకంటే ఏం కావాలి? "ఆ ఇల్లే మాకు రాసెయ్యండి."

"మీరు ఇంతగా అడుగుతుంటే నాకే తల కొట్టేసినట్టుంది. మీరొచ్చేలోగా ఆ గదికి రంగు వేయించి, పెద్ద కిటికీ పెట్టిస్తాను."

"వద్దు! మీకు పుణ్యముంటుంది, ఆ గదిని ముట్టుకోకండి!"

ప్రాసర్ గారు జంకుతూ అడిగింది: "మీకు గిట్టనివాళ్లెవరైనా వస్తున్నారా?"

"మా ఆయన వస్తున్నాడు," అంది ఆడ్రీ. ఆమె గురించి ప్రాసర్ గారు ఏమనుకుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రం టీ పోస్తూ ఆడ్రీ నిట్టూర్చింది. "ఇల్లు కుదిరింది గానీ కింద ఒక గది మరీ ఘోరంగా ఉంది. లిండ్సీని అందులో వేద్దాం."

విల్ఫ్ పేపరు దించలేదు. "లిండ్సీ చలికి తట్టుకోలేదు."

"అయితే గారెత్‌ని."

పేపరు వెనక ఒక పేజీ తిరిగింది. "ఎంత ఘోరంగా ఉందేం?"

"పాలగదట. కిటికీ ముందు చెత్త డబ్బాలట. గోడ అవతల బాయిలర్ దగ్గుతుందట."

"గబ్బిలాల గదికంటేనా?"

"గబ్బిలాలు నయం. అవి దగ్గలేదు."

పేపరు దిగింది. విల్ఫ్ ఆ సగం మంచం ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. అంగడిలో గిత్తను చూసే రైతు కూడా అంత శ్రద్ధగా చూడడు. "డెరెక్‌తో మాట్లాడాలి, టమాటాల సంగతి," అన్నాడు చివరికి. ఆడ్రీ ఇంకో కప్పు టీ పోసింది, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా.

జులైలో ఒక శనివారం అందరూ ఆ ఇంటికి చేరారు. పిల్లలు మేడ మీదికి ఉరికారు. మెట్లు ఒక తలుపు వెనక ఉన్నాయి, సన్నగా, మెలి తిరిగి, పట్టుకోవడానికి గోడ పొడుగునా ఒక మోకు. విల్ఫ్ గొడుగు ఊతగా నిలబడి కింద గదులు చూడటం మొదలుపెట్టాడు. ఇంకో నిమిషం గడిస్తే పాలగది ఆయనదే అయ్యేది.

సరిగ్గా అప్పుడే గారెత్ మేడ దిగి వచ్చాడు. "నాన్నా, ఈసారి ఆ దిక్కుమాలిన గది నాకు వదిలెయ్. ఇన్నేళ్లూ నువ్వే పడుకున్నావు. అమ్మా నువ్వూ పైన పెద్ద గది తీసుకోండి. మంచం మీంచే కొండలు కనిపిస్తున్నాయి." అంటూనే వాళ్ల పెట్టె ఎత్తి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఖీమా పళ్లెం చేతుల్లో ఉన్న ఆడ్రీ గుమ్మంలోనే నిలిచిపోయింది. కొడుకు మంచితనం కూడా ఒక్కోసారి పీకల మీదికి తెస్తుంది. విల్ఫ్ మెట్ల వైపు చూశాడు, ఆ మోకు వైపు చూశాడు. గ్రేవీ గిన్నె వైపు చూసిన జనవరి నాటి మొహం మళ్లీ వచ్చింది. ఆడ్రీ నోరు విప్పితే గుట్టు రట్టవుతుంది, విప్పకపోతే ఆయన ఈ వారమంతా కుర్చీలోనే. పక్కన ఫియోనా నిలబడి మామగారి మోకాలును, అత్తగారి మొహాన్ని మార్చి మార్చి చూస్తోంది. ఇక అనేస్తుంది ఆ మాట, అనుకుంది ఆడ్రీ.

"గారెత్, పెట్టె దించు," అంది ఫియోనా. "ఆ గుహలో నేను చచ్చినా పడుకోను. చలి, చీకటి, పైగా ఆ బాయిలర్! నువ్వు కావాలంటే ఒక్కడివే పడుకో, నాకు మాత్రం కొండలు కనిపించాలి."

"నిన్నటిదాకా ఏ గదైనా ఒకటే అన్నావు కదా?"

"ఇప్పుడు మనసు మార్చుకున్నాను. నేను సుఖం మరిగిన మనిషిని, ఏం చెయ్యను?"

విల్ఫ్ గొడుగు నేలకేసి కొట్టాడు. "గారెత్! నేను బతికుండగా ఈ కుటుంబంలో చెత్త గది ఎవరిదిరా? పెట్టె ఇలా తే!"

ఆయన గదిలోకి వెళ్లి గొడుగుతో పరుపును పొడిచి చూసి, కిటికీ తెర తొలగించాడు. "నిజంగా చెత్త డబ్బాలే!" అని పట్టరాని ఆనందంతో అరిచి, మనవల్ని పిలిచి మరీ చూపించాడు.

ఖీమా పళ్లెంలో అందరూ ఆశపడే కాలిన అంచు ముక్క ఏటా గారెత్‌కి పడేది. ఆ రాత్రి ఆడ్రీ దాన్ని ఫియోనా పళ్లెంలో పెట్టింది. గారెత్ గొణిగితే ఎవరూ వినిపించుకోలేదు.

తెల్లారి ఆడ్రీ రెండు కప్పుల టీ తీసుకొని పాలగదిలోకి వచ్చేసరికి విల్ఫ్ మంచం అంచున కూర్చొని ఉన్నాడు. గోడ అవతల బాయిలర్ అప్పుడే దగ్గి ఆగింది.

"ఇంత చెత్త గది ఎక్కడ పట్టావే?" అన్నాడు.

"దొరికింది."

"ఊరికే దొరకదు ఇలాంటిది. చాలా వెతికి ఉంటావు."

ఆడ్రీ కప్పు ఆయన చేతికిచ్చి పక్కన కూర్చుంది. "వెతికాను," అంది.

ఆయన సగం టీ తాగి కప్పు కింద పెట్టాడు. "నిరుడు ఆ కుర్చీలో నేను నిద్రపోలేదు ఆడ్రీ. నువ్వొక్కదానివే మెట్లెక్కడం రోజూ వినేవాణ్ని. పైన నీ అడుగుల చప్పుడు ఆగేదాకా వింటూనే ఉండేవాణ్ని."

ఆడ్రీకి కళ్లు చెమర్చాయి. ఆయన చెయ్యి ఆమె మోకాలి మీద పెట్టాడు.

"వచ్చే ఏడాది కూడా కిందే చూడు," అన్నాడు విల్ఫ్. "ఈసారి మంచి గదైనా ఫర్వాలేదు."