నా భుజం మీద కెమెరా

మా ఆయన దాసన్న నందికొట్కూరులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. ఊళ్లో సగం పెళ్లిళ్ల ఆల్బములు ఆయనవే. రెండేళ్ల నుంచి కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన వేసవిలో ఒక పెళ్లిలో తాళి కట్టే ఫొటోలన్నీ చెదిరిపోయాయి. పెళ్లివాళ్లు ఒక్క మాటా అనలేదు. అనుంటే నేను పోట్లాడేదాన్ని. అనకపోయేసరికి ఈయన లోపల్లోపలే కుంగిపోయి, వచ్చిన పనులు కూడా వద్దనడం మొదలుపెట్టాడు.

ఆయనకు మిగిలింది పిట్టల ఫొటోలు తీసే పిచ్చి ఒక్కటే. అక్టోబరులో ఊరి బయటి చెరువుకు ఒక పిట్ట వస్తుంది. సముద్రం ఒడ్డున బతికేదట. ఉత్తరాన చలికి తట్టుకోలేక దక్షిణానికి పోతూ పోతూ ఇక్కడ నాలుగైదు రోజులు ఆగుతుంది. ముక్కుతో గులకరాళ్లు తిప్పి, కిందున్న పురుగుల్ని ఏరుకుంటుంది. అంత సముద్రాన్ని వదిలి మా చెరువులో రాళ్లు తిప్పడమేంటో, దాని బుద్ధీ మా ఆయన బుద్ధి లాంటిదే.

ఈసారి మూడు రోజులు వరసగా పోయాడు. చేత్తో పట్టుకుంటే వణుకు. మూడుకాళ్ల స్టాండు మీద పెడితే, దాన్ని తిప్పేలోగా పిట్ట ఇంకో రాయి దగ్గరికి ఉరికేది. నాలుగో రోజు పొద్దున్నే చెప్పాడు.

"రేపు పాత కెమెరాలు కొనే శ్రీనివాసులు వస్తాండాడు. కెమెరా అమ్మేస్తా."

పెళ్లయిన నాటి నుంచి కెమెరా లేని దాసన్నను నేనెరగను. ఏడుపొస్తే తిట్టడం నా గుణం. తిట్టినంతసేపు తిట్టి, ఇవాళ నేనూ వస్తానని వెంటబడ్డాను.

చెరువు దగ్గర గొర్రెలు మేపే కంబన్న నన్ను చూసి నవ్వాడు. నా పసుపుపచ్చ చీరకు పిట్టలు అల్లంత దూరాన్నే లేచిపోతాయని, గొర్రెలకైతే బెదరవని చెప్పి తన గొంగడి ఇచ్చాడు. అదంతా గొర్రె వాసన. సంబడమే అనుకుంటూ కప్పుకుని, గొణుక్కుంటూనే మందలో కలిసి నడిచాను.

పిట్ట కనబడింది. పావురం కంటే చిన్నది, నారింజ రంగు కాళ్లు. దాసన్న కెమెరా ఎత్తి, చెయ్యి వణికితే దించేశాడు. నేను ఆయన ముందుకు జరిగి కూర్చుని, నా భుజం మీద పెట్టుకొమ్మన్నాను. పెట్టాడు. నా గొణుగుడు మాత్రం ఆగలేదు.

"నువ్వు మాట్లాడితే కెమెరా కదులుతాండాది, ప్రసన్నా" అన్నాడు చెవిలో.

నోరు మూసుకున్నాను. ఊపిరి బిగబట్టాను. ఆయన చేతి వణుకు నా భుజానికి తెలుస్తోంది. రెండేళ్లుగా చూస్తున్నాను గానీ, దాన్ని మొయ్యడం అదే మొదలు. పాపం, ఎంత కష్టపడుతున్నాడో అప్పుడు తెలిసింది. పిట్ట ఒక రాయి తిప్పింది. ఇంకొకటి తిప్పింది. కెమెరా టకటకమంది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూశాం. ఒక ఫొటోలో రాయి పైకి లేచి ఉంది, దాని కింద తడి మన్ను కూడా కనబడుతోంది. ఆయన దాన్ని పెద్దది చేసి, ఆ మన్నును నాకు వేలు పెట్టి చూపించాడు.

మర్నాడు శ్రీనివాసులు ఇంకా రాకముందే పాస్టరు భార్య జీవమ్మ ఫోన్ చేసింది. ఆదివారం బాప్తిస్మాలకు ఫొటోలు కావాలట. ఆయన అలవాటుగా తల అడ్డంగా ఊపాడు. నేను ఫోన్ లాక్కున్నాను.

"వస్తామమ్మా. ఇద్దరం వస్తాం."

ప్రార్థన అయ్యేదాకా నోరు విప్పనని కూడా మాటిచ్చాను. ఆమె నమ్మినట్టు లేదు. దాసన్న మాత్రం, శ్రీనివాసులు కోసం సర్దిపెట్టిన సంచిలోంచి కెమెరా తీసి, నన్ను నిలబెట్టి, నా భుజం మీద పెట్టి చూసుకున్నాడు.