డాక్టరమ్మ చెప్పిన గడువు

ఎవరు ఏ గడువు చెప్పినా మా ఆయన దాన్ని సగానికి కోసేవారు. ఆయన హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. కింద పనిచేసే కుర్రాళ్ళు ఒక పనికి నెల పడుతుందంటే, అందులో రెండు వారాలు బఫర్ అని ఆయన లెక్క. బఫర్ అంటే ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని ముందే దాచుకునే సమయం. కుర్రాళ్ళేం తక్కువ తినలేదు. ఎలాగూ కోస్తారని ముందే రెట్టింపు చెప్పేవారు. ఈ చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఇలాగే నడుస్తాయి. ఉన్నమాట ఎవరూ చెప్పరు. చెప్పరని అందరికీ తెలుసు కాబట్టి పని జరిగిపోతుంది.

ఆ అలవాటు మణికొండలోని మా ఫ్లాట్ దాకా వచ్చింది. వంటకి ఇంకో అరగంట పడుతుందంటే పావుగంటకే కంచం ముందు కూర్చునేవారు. "బియ్యం మీ టీములో పనిచెయ్యవండీ" అని వేళాకోళం చేసేదాన్ని. ఆయన కూడా నవ్వేవారు. ఆ రోజుల్లో అది నవ్వుకునే విషయమే.

ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో ఆయనకు షుగర్ మొదలైందని, కాలేయానికి కొవ్వు పట్టిందని వచ్చింది. కొండాపూర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మది మెదక్ వైపు. కాగితాలు తిరగేసి మెల్లగా చెప్పింది. "సార్, నెలకు రెండు కిలోలు తగ్గుండ్రి, చాలు. ఏడాది పడ్తది. అన్నం బంద్ చెయ్యొద్దు, తగ్గించుండ్రి. రోజూ నడువుండ్రి. జల్దీ జల్దీ తగ్గితే పిత్తాశయంల రాళ్ళు పడ్తయి. అదో కొత్త పరేషాన్."

లిఫ్టులోనే ఆయన కోత మొదలుపెట్టారు. "ఏడాది అందంటే ఆరు నెలలన్నమాట. గట్టిగా పడితే మూడు."

"రాళ్ళ సంగతి చెప్పింది, విన్నారా?"

"డాక్టర్లు అలాగే చెబుతారే. రేపు ఏదైనా అయితే ముందే చెప్పాం కదా అనడానికి. అది కూడా బఫరే."

సన్నబడి అందంగా కనబడాలని కాదు ఆయన తొందర. మా మామగారికి షుగర్ ముదిరి, పాదం మీద పుండు మానక కాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు. అప్పటికి మా ఆయన కాలేజీలో ఉన్నారట. ఆ పుండుకు రోజూ కట్టు మార్చింది తనే. పరీక్షల కాగితం మీద షుగర్ అన్న మాట చూసిన దగ్గర్నుంచి స్నానం చేసి వచ్చి అరికాళ్ళు తడిమి చూసుకునేవారు. నాకు జాలేసేది. అందుకే మొదట్లో గట్టిగా అడ్డం పడలేకపోయాను.

పొద్దున నీళ్ళలో కలుపుకునే ఏదో పొడి, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రికి మళ్ళీ అదే పొడి. నేను పప్పుకు తాలింపు వేస్తుంటే బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. మొదటి రెండు వారాల్లో బరువు చకచకా దిగింది. అలా ముందుగా దిగేది చాలావరకు ఒంట్లోని నీరేనని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఆయనకు మాత్రం తన లెక్కే నిజమైంది. "చూశావా, ఎంత దాచిపెట్టిందో మీ డాక్టరమ్మ" అన్నారు. ఆఫీసులో చప్పట్లు కొట్టారట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి చప్పట్లు కూడా తోడైతే ఇంకేముంది, నా మాట వినడం మానేశారు.

జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చేది. ఎండాకాలంలో దుప్పటి అడిగేవారు. ప్యాంట్లన్నీ వదులైతే దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. నడుం కొలుస్తూ దర్జీ మెచ్చుకుంటే చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

రెండో నెల దాటాక, ఆఫీసు వాళ్ళంతా కలిసి భోజనానికి వెళితే ఆయన చాలా రోజులకు బిర్యానీ తిన్నారు. సాయంత్రానికి కుడిపక్క డొక్క కింద నొప్పి, వీపు దాకా పాకింది. గ్యాస్ అన్నారు. మాత్ర వేసుకున్నారు, తగ్గింది. వారం తిరగకుండా మళ్ళీ వచ్చింది. స్కాన్ చేయించుకోమని బతిమాలాను, అరిచాను, ఒక పూట మాట్లాడటం మానేశాను. "ఈ రిలీజ్ అయిపోనీవే, వెళదాం" అన్నారు. వాళ్ళ ప్రాజెక్టు ఏదో బయటికి వెళ్ళాలట, అదయ్యాక కడుపు సంగతట. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఒక ఆదివారం పొద్దున వంటింటి గుమ్మంలో పడిపోయారు. వాంతులు ఆగలేదు. అదే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, అదే డాక్టరమ్మ చూసింది. పిత్తాశయంలోంచి ఒక రాయి జారి దారికి అడ్డం పడిందని, దానివల్ల క్లోమం వాచి మిగతా అవయవాల మీదికి వస్తోందని చెప్పింది. "నేను ముందే చెప్పిన కదా" అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది, ఎవరో ఒకరి మీద అరిచేదాన్ని.

"అమ్మా, ఫికర్ చెయ్యకు అని నేను చెప్పలేను. మూడు రోజులు గడవాలె. అవి దాటినంకనే ఏదన్న చెప్త."

రెండో రోజు సాయంత్రం నన్ను ఐసీయూ లోపలికి పిలిచారు. ఆయన కళ్ళు తెరిచి ఉన్నారు, నన్ను గుర్తుపట్టారు. మాస్కు కొంచెం పక్కకి జరిపి, "ఎన్నాళ్ళంది?" అన్నారు.

"మూడు రోజులు దాటాలంది."

ఆయన పెదాలు కదిలాయి. "అంటే ఒకటిన్నర. అయిపోయిందిగా."

నాకు నవ్వొచ్చింది. ఆ రెండు రోజుల్లో నేను నవ్వింది అప్పుడే. బయటికి రాగానే అత్తయ్యకు ఫోన్ చేసి, "గండం గడిచిందండీ, మాట్లాడుతున్నారు" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టకుండానే దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఉండిపోయారు.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ తలుపు తోసుకుని బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ రెండుసార్లూ మాకు ఉన్నమాటే చెప్పింది. అందులో కోసెయ్యడానికి ఏమీ దాచుకోలేదు.

అత్తయ్యకు నేనే మళ్ళీ ఫోన్ చేశాను.