తీజ్ పట్టని ప్రణాళిక

సూర్యాపేటలో ఎనిమిదో తరగతి పిల్లలు లెక్కల పుస్తకంలో ఏ పేజీ తెరిస్తే, కోదాడలోనూ మిర్యాలగూడలోనూ అదే రోజు అదే పేజీ తెరుచుకుంటుంది. ఆ ఏర్పాటు చేసినవాడు పెన్‌పహాడ్ పక్క తండాలో పుట్టిన రూప్లా. ఆ తండాలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆయనే. పంతులు ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాడూ, హెడ్మాస్టరుగా రిటైరైన మొదటివాడూ ఆయనే. ఉత్తమ ఉపాధ్యాయుడని కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నాడు. ఆయన దగ్గర చదివినవాళ్లలో డాక్టర్లున్నారు, ఎస్సైలున్నారు, లా కాలేజీలో పాఠాలు చెప్పే ఆడమనిషి ఉంది. ఇవన్నీ ఎవరో అడగాలని ఆయన చూడడు. బస్సులో పక్క సీటు దొరికితే చాలు, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక కళ్లలో పడేలోపు అన్నీ చెప్పేస్తాడు. చెప్పుకోదగ్గవే కనుక వినేవాళ్లకూ విసుగు రాదు.

రిటైరయ్యాక, ఈ మూడు ఊళ్లలో బడులూ జూనియర్ కాలేజీలూ నడిపే దేవేందర్ ఆయన్ని పిలిచి అకడమిక్ ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టాడు. తీరా చూస్తే అక్కడ ఏ సబ్జెక్టు దారి దానిదే. సైన్సులో మొలకెత్తిన గింజల శాతం కట్టమంటారు, లెక్కల్లో శాతాలు దసరా దాటితే గానీ రావు. కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ మొదట్లోనే అవకలనం వాడేస్తాడు, లెక్కల లెక్చరర్ దాన్ని చలికాలంలో మొదలుపెడతాడు. మధ్యలో పిల్లలు బిక్కమొహాలు వేస్తారు.

రూప్లా ఆ ఎండాకాలమంతా పుస్తకాలన్నీ నేలమీద పరుచుకుని, ఏ పాఠం ముందు ఏ పాఠం ఉండాలో తేల్చుకుంటూ కూర్చున్నాడు. శాతాలను వానాకాలం మొదటికి లాగాడు. వాటి వెనకాలే సైన్సులో విత్తనాలు, సోషల్లో పంటలు, తెలుగులో రైతు పాఠం వచ్చేలా అమర్చాడు. కాలేజీలో లెక్కలాయన్ని బతిమాలి అవకలనాన్ని ముందుకు జరిపించాడు. "నా సర్వీసుల మా పాఠాన్ని వేరే సబ్జెక్టోళ్ల కోసం జరపమన్నోడివి నువ్వొక్కడివే సార్" అని ఆయన నవ్వి ఒప్పుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి. దేవేందర్‌కు ఒక గుణం ఉంది. పక్క కాలేజీవాడు కొత్త ఫ్లెక్సీ కడితే మర్నాడు తన బళ్లలో టైంటేబుల్ మార్చేస్తాడు. ఆటలు ఎగిరిపోతాయి, తెలుగు సగమవుతుంది, ఆ చోట ఐఐటీ ఫౌండేషన్ వచ్చి కూర్చుంటుంది. అందుకని రూప్లా ప్రణాళిక మొదటి పేజీలోనే అచ్చు వేయించాడు: ఏడాది మధ్యలో దీన్ని ఎవరూ మార్చరాదు, తయారుచేసినవారితో సహా. కింద దేవేందర్ చేత సంతకం పెట్టించాడు. ఆ సంతకం పడిన రోజు మూడు ఊళ్ల టీచర్లూ మిఠాయిలు పంచుకున్నారు.

అందులోనే ఇంకో నియమం ఉంది. శ్రావణంలో ఒక పరీక్ష, ఆ మార్కులను బట్టి ఎనిమిదో తరగతికి సెక్షన్లు. వెనకబడ్డవాళ్లు సి సెక్షన్‌కు వెళతారు. వాళ్లకు సైన్సు ల్యాబు తీసేసి ఆ పీరియడ్లు లెక్కలకూ తెలుగుకూ ఇచ్చాడు. పునాది గట్టిపడాలన్నది ఆయన ఉద్దేశం.

శ్రావణంలోనే తీజ్ కూడా. పెళ్లికాని లంబాడీ ఆడపిల్లలు వెదురుబుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు రెండు పూటలా నీళ్లు పోసి, పాటలు పాడుతూ మొలకలు పెంచే పండుగ అది. ఆ తండాలో అన్నాళ్లూ ఏ పిల్లా బుట్టను విడిచి బడికి పోదు. దానికి క్యాలెండరులో తేదీ ఉండదు, ఏ తండాకు ఆ తండా పెద్ద, నాయక్, చెప్పినదే రోజు. ఇది రూప్లాకు తెలియదా? ఆయన అక్కచెల్లెళ్లు ఆ బుట్టలు మోసినవాళ్లే. ప్రణాళిక రాసేటప్పుడు కలం అక్కడ ఆగింది కూడా. పరీక్షను భాద్రపదానికి జరిపితే సరిపోయేది. కానీ, తన తండా కోసం జరుపుకున్నాడని అంటారేమోనని, ఎవరూ అనకముందే జంకి జరపలేదు. సర్వీసంతా ఒక్కరి చేత ఆ మాట పడలేదు మరి.

ఈ ఏడు తీజూ పరీక్షా ఒకే వారంలో పడ్డాయి. బస్సెక్కి సూర్యాపేట వచ్చే తండా ఆడపిల్లలంతా పరీక్ష రాయక సి సెక్షన్‌లో తేలారు. వాళ్లలో రూప, ఆయన అన్న మనవరాలు. ఏడో తరగతిలో సైన్సులో దాన్ని మించినవాళ్లు లేరు.

ఆదివారం రూప్లా తండాకు వెళ్లాడు. వదిన మోతీబాయి వాకిట్లో పెసలు చెరుగుతోంది. చేట ఆపకుండానే పలకరించింది.

"రా సారూ, కూసో. మా పోరగాండ్లను ఎనుక బెంచీల కూసోబెట్టిన పెద్దసారువు నువ్వేనా?"

"వదినె, జర నా మాట ఇను."

"నువ్వు సదువుకోవట్టిన కాడికెళ్లి ఇనుకుంటనే ఉన్న. మొదట పాసైనోన్ని నేను, మొదట నౌకరి తెచ్చుకున్నోన్ని నేను అంటవు. ఎనుకొచ్చేటోళ్లకు గేటేసినోన్ని గూడ నేనే అని చెప్పుకో ఇగ."

"గేటెయ్యలే వదినె. పరీక్ష పెట్టిన."

"పెట్టేటప్పుడు తీజ్ యాదికి రాలేదా?"

రాలేదని అంటే పోయేది. ఆయన నోట అబద్ధం రాలేదు. "యాదికొచ్చింది."

చేట ఆగింది. "యాదికొచ్చినా పెట్టినవా? మా పేరు చెప్పుకోను సిగ్గయిందా మరిదీ?"

"సిగ్గు గాదు. మనోళ్లకు చేసుకున్నడంటరని."

"చేసుకోలేదు గద. మరి ఇప్పుడేమంటున్నరు? శెబాసంటున్నరా?"

రూప గడపలోంచి తొంగిచూసింది. "తాతా, మళ్లా పరీక్ష పెడ్తే నేను రాస్త. ల్యాబుల మైక్రోస్కోపు గీ ఏడే సూపెడ్తరట."

"మాట్లాడ్త బిడ్డా" అని లేచాడు రూప్లా.

మర్నాడు దేవేందర్ ఛాయ్ తెప్పించి మరీ విన్నాడు.

"మీరడిగితే కాదంటనా సార్? మారుద్దాం. ఆ పిల్లలకు మళ్లా పరీక్ష పెడ్దం. వచ్చిన మార్కులకు ఏ సెక్షనొస్తే గా సెక్షన్ల కూసుంటరు."

రూప్లా గుండె తేలికపడింది. ఛాయ్ గ్లాసు చేతికి తీసుకున్నాడు.

"ఎట్లాగూ ప్లాన్ తెరుస్తున్నం గద" అన్నాడు దేవేందర్. "చిన్న ముచ్చట. ఎనిమిది నుంచి పది దాకా ఆటలు తీసేద్దాం, తెలుగు సగం చేద్దాం. గాడ ఫౌండేషన్ ఏద్దాం. మూడు ఊర్లల్ల."

"అదెట్ల సార్? మీ సంతకముంది."

"మీ కోసం పక్కకు పెట్టిన సంతకం, నాకు అడ్డమొస్తదా?" నవ్వుతూనే అన్నాడు. "తొందరేం లేదు. సోంచాయించుకుని ఫోన్ కొట్టుండ్రి."

ఆ మధ్యాహ్నం రూప్లా కోదాడ బస్సెక్కాడు. అక్కడి ప్రిన్సిపాల్ కల్పన ఆయనంటే గౌరవం ఉన్న మనిషి. ప్లాన్ తెరవక తప్పదని మిగతా టీచర్లకు ఆమె నచ్చజెబుతుందని ఆయన ఆశ. ఆమె అంతా విని, సొరుగులోంచి ప్రణాళిక తీసి మొదటి పేజీ తెరిచింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. పోయినేడు పీరియడ్లు లేవని మా తెలుగు టీచర్ని ఇంటికి పంపేశారు. మీ మొదటి పేజీ చూపించి నేను ఆవిణ్ణి మళ్లీ పిలిపించాను. ఇప్పుడు మీరే దాన్ని చింపేస్తే మేమెవరికి చెప్పుకోవాలండీ?"

"పిల్లల ఏడాది పోతున్నదమ్మా."

"తెరిస్తే మూడూళ్ల పిల్లల ఆటలు పోతాయి, చదువు పోతుంది. ఇంకో మాట... నేను అనకూడదు గానీ, తన వాళ్ల కోసం తెరిచాడని కూడా అంటారండీ."

ఏ మాట పడకూడదని పరీక్షను జరపలేదో, ఆ మాట కోదాడ దాకా వచ్చి ఎదురుగా కూర్చుంది. రూప్లా ఆమెను తప్పుపట్టలేకపోయాడు. ఆమె చోట తాను ఉన్నా అదే అనేవాడు. తిరుగు బస్సులో పక్కన ఎవరో కుర్రాడు, ఏం చేస్తుంటారని మర్యాదగా అడిగాడు. "పంతుల్ని" అన్నాడు రూప్లా. శాలువా గురించి గానీ, శిష్యుల గురించి గానీ ఆయన నోట రాని ప్రయాణం అదొక్కటే.

సూర్యాపేట కొత్త బస్టాండులో దిగి అక్కడినుంచే ఫోన్ చేశాడు. "ప్లాన్ మారదు సార్."

"మీ మాటే నా మాట" అన్నాడు దేవేందర్.

"ఒక్కటియ్యండ్రి. సి సెక్షన్ లెక్కలు నేను చెప్త. ఎవరు చెప్పాలన్నది ప్లాన్ల లేదు గద."

"ఇన్‌ఛార్జి అయ్యుండి మీకెందుకు సార్ ఆ పరేషాన్? సరే చెప్పుండ్రి. గానీ సి సెక్షన్‌కు రాసింది మాత్రం దాటొద్దు. మీరు దాటితే రేపు అందరు దాటుతరు."

ఆ వారమే కూర్చుని, వచ్చే ఏటి ప్రణాళికలో పరీక్షను భాద్రపదానికి జరిపాడు. ఎవరేమన్నా అననీ అనుకున్నాడు. కానీ అప్పటికి రూప తొమ్మిదిలో ఉంటుంది. ల్యాబు లేని ఈ ఏడు ల్యాబు లేకుండానే గడిచిపోతుంది.

మరుసటి సోమవారం సి సెక్షన్‌లోకి అడుగుపెడితే పిల్లలంతా లేచారు. "గుడ్మార్నింగ్ తా... సార్" అంది రూప, పక్కపిల్ల కిసుక్కుమంది. శాతాలు చెప్పడంలో ఆ జిల్లాలో రూప్లాకు సాటి లేరు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు, తండా పిల్లలు గబగబా లెక్కలు చేసి పడేశారు. పీరియడు ఇంకా సగం మిగిలే ఉంది. వరండాలో, మార్కులొచ్చిన 'ఏ' సెక్షన్ పిల్లలు వరసగా ల్యాబుకు పోతున్నారు.

"అయిపోయినయ్ సార్" అంది రూప. "ఇగ ఏం చెయ్యాలె?"

ఆయన ప్రణాళిక చూడనక్కర్లేదు, అందులోని ఆ వాక్యం కంఠతా వచ్చు: మిగిలిన సమయంలో అవే లెక్కలు మళ్లీ చేయించవలెను.

"మళ్లా చెయ్యిండ్రి."

"వచ్చినయే మళ్లానా? గిట్లెవరు రాసిండ్రు సార్?"

తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో ఆయనకు అర్థం కాలేదు. క్లాసంతా ఆయన్నే చూస్తోంది.

"నేనే రాసిన" అన్నాడు రూప్లా. బోర్డు తుడిచి, మొదటి లెక్కను మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టాడు.