దోమల సభలో ప్రశ్నల మామయ్య

ఆ టైలరు మామయ్యకున్న జబ్బు ఒక్కటే: ప్రశ్న అడగకుండా ఉండలేడు. పన్ను పీకుతున్న డాక్టరును కూడా నోరు తెరుచుకునే అడిగాడు, పీకేశాక ఆ పన్నుకు నొప్పి తెలుస్తుందా అని. ఒకసారి దొంగను పట్టుకుని, "ఇంత తేలికైన నిచ్చెన ఎక్కడ కొన్నావు?" అని ఆరా తీస్తుంటే, వాడు విసిగి నిచ్చెన వదిలేసి పారిపోయాడు. అది ఇప్పటికీ మామయ్య షాపులోనే ఉంది.

మేనకోడలు దోమల మీద పరిశోధనలో చేరాక ఆయన పంట పండింది.

"అవి మనల్ని తింటున్నది చాలక, నువ్వు వాటికి భోజనం పెడతావుటే?"

"చక్కెర నీళ్లే, మామయ్యా."

"మరి వాటికి షుగరు రాదూ?"

ఆ పరిశోధన ఇప్పుడు వీధివాళ్ల చేతిలో పడింది. ప్రతి గుమ్మానికీ దోమల్ని పట్టే వలసంచి ఒకటి తగిలిస్తే, జ్వరాలు మోసే దోమలేవో తేలుతుంది. జనం ససేమిరా అన్నారు. ల్యాబువాళ్లే దోమల్ని వదులుతున్నారని పుకారు పుట్టింది. ఈరోజు వీధివాళ్లతో పెట్టిన సభలో కూడా ఎవరూ ఒప్పుకోకపోతే పని ఇంతటితో ఆఖరని ల్యాబు పెద్ద సారు తేల్చేశాడు.

"మామయ్యా, ఈ ఒక్క పూట నోటికి కుట్టు వేసుకో," అని బతిమాలింది మేనకోడలు.

"ఏ రంగు దారంతో?" అన్నాడాయన.

సభలో ఆమె చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. జనం తలుపు వైపే చూస్తున్నారు. "ఏమైనా సందేహాలుంటే అడగండి," అంది. అందరూ పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు. వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. లేచింది మామయ్యే.

"అమ్మాయీ, మగ దోమ కుడుతుందా?"

హాలంతా గొల్లుమంది.

"కుట్టదు, మామయ్యా. ఆడదోమే కుడుతుంది."

"హమ్మయ్య, ఒక నింద తప్పింది! మరి సంచిలో పడ్డవి తప్పించుకుని మా ఇంట్లో దూరితే?"

ఆమె సంచి తీసి, దోమ లోపలికి ఎలా వెళ్తుందో, బయటికెందుకు రాలేదో చూపించింది. జనం మెడలు సాచారు.

"ఇంకొక్కటి. మీరే దోమల్ని వదిలి, మీరే పట్టుకుంటున్నారట. నిజమేనా?"

నవ్వులు ఆగిపోయాయి. ఆమె సంచి పక్కన పెట్టి జనం వైపు తిరిగింది. "ఒక్కటి తప్పించుకున్నా ముందు కుట్టేది నన్నే కదండీ! రేపే వచ్చి చూడండి. తలుపులు తెరిచే ఉంచుతాం... మీకు, దోమలకు కాదు!"

ఈసారి అందరూ ఆమెతో కలిసి నవ్వారు. బేకరీ ఆవిడ లేచి, "మా గుమ్మానికి ఒకటి తగిలించమ్మా," అంది. వెంటనే బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు. ఆ తర్వాత చేతులే చేతులు! తెచ్చిన సంచులు చాలలేదు. మేనకోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

బయటికి రాగానే మామయ్యను నిలదీసింది. "మగ దోమ సంగతి నీకెప్పుడో చెప్పాను కదా! మళ్లీ ఎందుకు అడిగావు?"

"బేకరీ ఆవిడకి తెలీదే. మొన్న షాపులో జాకెట్టుకు కొలతలిస్తూ అడగబోయి, నవ్వుతారేమోనని మింగేసింది. దోమల్ని వదులుతున్నారన్న అనుమానం డ్రైవరుది. పదిమందిలో అడగాలంటే సిగ్గు. నన్ను చూసి నవ్వడం వీళ్లకు అలవాటేగా, నాకేం పోయింది?"

ఆమెకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. "అయితే ఇన్నాళ్లూ నువ్వడిగిన ప్రశ్నలన్నీ వేరేవాళ్లవా?"

"అన్నీ కాదులే. ఆ పన్ను సంగతి మాత్రం నా సొంతం," అన్నాడు మామయ్య, దవడ నిమురుకుంటూ. "ఇంతకీ పీకేసిన పన్నుకు నొప్పి తెలుస్తుందంటావా?"