నాజిల్ ముందు అరచెయ్యి

కోరుట్ల బస్టాండు వెనక సాంబయ్యకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాడు. వాళ్ల నాన్న తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. సాంబయ్యకు మోకు అబ్బలేదు, పానా అబ్బింది. ఇంజిన్ నల్లపొగ కక్కితే ముట్టుకోకముందే, "డీజిల్ ఎక్కువ తాగుతున్నది, తాపెటోనికన్న సోయుండాలె" అని రైతు మొహానే అనేవాడు. పైపులో గాలి చేరితే చప్పుడును బట్టే చెప్పేవాడు. నట్టు కొంచెం వదులు చేసి, బుడగలన్నీ పోయి డీజిల్ నిండుగా కారేదాకా ఓపిగ్గా చూసి బిగించేవాడు. నాకు పెళ్లయి, బిడ్డ పుట్టాక అతని దగ్గర పనికి చేరాను. నా పేరు దివాకర్. అతని దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా పనిలో ఒక అలవాటుండేది. ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే మూతిని నాజిల్ అంటాం. అది బాగైందని రైతుకు చూపించాలి. నాజిల్‌ను బయటికి తీసి, పైపుకే ఉంచి, ఒకరు హ్యాండిల్ మెల్లగా తిప్పుతారు. మెకానిక్ మూరెడు దూరంలో అరచెయ్యి పెడతాడు. డీజిల్ మంచులా పరుచుకుంటే పని అయినట్టు, ధారగా పడితే కానట్టు. ఆ తడి కళ్లారా చూడందే పెగడపల్లి నుంచి వెల్గటూరు దాకా ఏ రైతూ ఇంజిన్‌ను బండికెత్తేవాడు కాదు.

తర్వాత బావులు ఎండిపోయాయి. నీళ్లున్న చోట కరెంటు మోటార్లు వచ్చాయి. రెండేళ్లు షెడ్డులో పనే లేదు. సాంబయ్య భార్య మల్లక్క బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. అప్పుడే జగిత్యాలలో ఒక ఏజెంటు, మస్కట్‌కు డీజిల్ మెకానిక్ ఒక్కడు కావాలన్నాడు. ఇద్దరం పోయాం. ఆ వీసా రాకపోతే సాంబయ్య షెడ్డు మూసుకోవడమే. నాకూ వేరే దారి లేదు.

పరీక్ష గదిలో మేం ఎన్నడూ చూడని యంత్రం ఉంది. నాజిల్‌ను దానికి బిగించి లివర్ కొడితే, ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో ముల్లు చూపిస్తుంది. నేను లివర్ కొడుతుంటే సాంబయ్య ముల్లు వైపు చూడనే లేదు. చెవి పెట్టి వింటూ స్క్రూ తిప్పాడు. చప్పుడు కుదరగానే ఆపాడు. ముల్లు ఉండాల్సిన గీత మీదే ఉంది. పరీక్ష పెట్టినాయన అక్కడే పాస్ అనేశాడు.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ పని చూపించకుండా వదలడం సాంబయ్యకు రాదు. నాజిల్ ముందు అరచెయ్యి పెట్టి, "కొట్టు తమ్మీ" అన్నాడు. అతను పాసయ్యాడన్న కడుపుమంటో, పరీక్షాయన నన్ను కూడా చూడాలన్న ఆశో, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఆ బల్ల మీద మూరెడు దూరం ఎక్కడిది, జానెడు కూడా లేదు.

సాంబయ్య చెయ్యి విదిల్చాడు. చూపుడు వేలి కింద సూది గుచ్చినంత మచ్చ. నెత్తురు కూడా రాలేదు. "నాజిల్ మొన కుచ్చుకున్నది" అని నవ్వాడు. యంత్రానికి ఒక బొమ్మ అతికించి ఉండడం నేను చూశాను. ఒక చెయ్యి, దాని మీద అడ్డంగా ఎర్రగీత. మురికి చేతులతో ముట్టొద్దని కాబోలు అనుకున్నాను.

మూడోనాటికి చెయ్యి మోచేతి దాకా వాచింది. కరీంనగర్ ఆస్పత్రిలోనూ మొన కుచ్చుకుందనే చెప్పాడు. రెండు వేళ్లు తీసేశారు. అతని వీసా నాకొచ్చింది.

మస్కట్‌లో మొదటి వారమే అదే బొమ్మ మళ్లీ కనబడింది. ఫోర్‌మన్‌ను అడిగాను. ఆ ఒత్తిడికి డీజిల్ తోలు చీల్చుకుని లోపలికి పోతుందట. నొప్పి కూడా తెలియదట. వెంటనే ఆస్పత్రికి పోకపోతే చెయ్యి దక్కదట. ఉత్తరం మొదలుపెట్టాను. 'అన్నా, అది మొన కుచ్చుకున్నది కాదు' అన్నదాకా రాసి ఆగిపోయాను. తర్వాతి మాట నా గురించి రాయాలి. ఆరేళ్లు రాయలేదు. నా పిరికితనానికి మొహమాటమని పేరు పెట్టుకుని బతికాను.

ఆరో ఏడు సెలవులో వచ్చి షెడ్డుకు పోయాను. సాంబయ్య ఎడమచేత్తో పానా తిప్పుతున్నాడు. వెల్గటూరు రైతు ఒకాయన, గోదావరి ఒడ్డు పొలానికని ఇంజిన్ తెచ్చాడు. ఆ నెలలో షెడ్డుకొచ్చిన ఇంజిన్ అదొక్కటే.

"ఏదీ, చెయ్యి పెట్టి సూపియ్యి" అన్నాడు రైతు.

"మల్లీ, ఇట్రా" అని పిలిచాడు సాంబయ్య.

మల్లక్క బీడీల చేట పక్కన పెట్టి లేచొచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని నాజిల్ ముందు అరచెయ్యి పెట్టింది. సాంబయ్య హ్యాండిల్ అందుకున్నాడు.

"చెయ్యి తియ్యి వదినె" అన్నాను.

"ఏం గాదు తమ్మీ. మూడేండ్ల సంది నేనే పెడుతున్న."

ఇంక దాచలేకపోయాను. "డీజిల్ తోలు చీరుకోని లోపటికి పోతది వదినె. అన్న చెయ్యి గట్లనే పోయింది. మొన కుచ్చుకోని కాదు. జగిత్యాలల గా మిషిన్ మీద చెయ్యి పెట్టద్దని బొమ్మ గూడ ఉండె."

సాంబయ్య హ్యాండిల్ వదిలేశాడు. "నీకెప్పుడు ఎరుకైంది?"

"మస్కట్ పోయిన వారానికే."

అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మల్లక్క అరచేతిని వెలుతురుకు తిప్పి, ఎక్కడైనా మచ్చ ఉందేమోనని ఒక్కో వేలూ నొక్కి చూడసాగాడు. "మూడేండ్లు పెట్టించిన్రా దీనితోని" అన్నాడు.

"చెయ్యి పెట్టకుంటె నాకెట్ల తెలుస్తది" అని రైతు ఇంజిన్‌ను మళ్లీ బండికెత్తించాడు. బండి షెడ్డు దాటిపోయింది. సాంబయ్య తలెత్తలేదు. కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో భార్య అరచేతిని తడుముతూనే ఉన్నాడు.